జీవితం మలుపులో ఉన్నవాళ్ళకి కాలువ గట్టు మీద నడక: ఎలా, ఎక్కడ, ఎంతసేపు?

కొత్తరేవు:
నమస్కారమండి. ఉద్యోగం అయిపోవడం, పిల్లలు దూరమవడం, ఇంట్లో మనిషి పోవడం, గల్ఫ్ నుంచో హైదరాబాదు నుంచో ఊరికి వచ్చెయ్యడం... ఇలాంటప్పుడు "రోజూ కాసేపు ఒంటరిగా నడువు, మనసు తేటపడుద్ది" అని అందరూ అంటారు. ఎంతసేపు నడవాలో, ఎక్కడ నడవాలో, నడిచేటప్పుడు బుర్రలో ఏం పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. సుగరు తగ్గడానికి నడిచే నడక గురించి కాదు నేనడిగేది. కోనసీమ, కాకినాడ, నరసాపురం వైపు తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. ఆడవాళ్ళకీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ కూడా పనికొచ్చేలా ఉంటే మేలు.

గట్టుబాట:
ముందు కొలతలు చెప్పేస్తానండి, తత్వం తర్వాత. మొత్తం గంట చాలు. గట్టెక్కాక మొదటి పది నిమిషాలు మామూలు నడక. ఎనిమిది వందల మీటర్లు వెళ్తారు. ఈ పది నిమిషాలూ మనసుని ఏమీ అడగొద్దు. కరెంటు బిల్లు, నిన్నటి గొడవ, మేనల్లుడి పెళ్ళి, అన్నీ వచ్చి పోనివ్వండి. తర్వాత ఇరవై నిమిషాలు వేగం సగానికి తగ్గించాలి. మామూలుగా నిమిషానికి నూరు అడుగులు వేస్తాం, ఇక్కడ యాభై అరవై. మడమ ఆనడం, అరికాలు పరుచుకోవడం, వేళ్ళు నేలని వదలడం, మూడూ తెలియాలి. ఆ ఇరవై నిమిషాల్లో ఆరేడు వందల మీటర్లకి మించి వెళ్ళరు. అక్కడ పది నిమిషాలు కూర్చోవడం. తిరుగు నడక మళ్ళీ మామూలు వేగమే.

చాలామందికి చెడేది ఎక్కడంటే, నడుస్తూ ఆలోచిస్తారు. నడిచేటప్పుడు చూడాలి, వినాలి. ఆలోచన కూర్చున్నాక. రెండూ కలిపితే ఇంట్లో మంచం మీద పడుకుని చేసే ఆలోచనే గట్టు మీదకి వస్తుంది, కాళ్ళు నొప్పెట్టడం అదనం.

కూర్చున్నాక ఒక్క ప్రశ్న. వారానికి ఒక్కటే. "ఇప్పుడేం చెయ్యాలి" అని అడిగారా, బుర్ర వెంటనే చిట్టా రాసేస్తుంది, బ్యాంకు డిపాజిట్టు దగ్గర్నుంచి అమెరికా ప్రయాణం దాకా. దాని బదులు "పోయినవేవి, ఉన్నవేవి" అని అడగండి. రిటైరైన మనిషికి పోయింది జీతమొక్కటే కాదు. పొద్దున్న పదింటికి ఎక్కడుండాలో చెప్పే ఏర్పాటు పోయింది, "సార్" అనే పిలుపు పోయింది, రోజూ పాతికమందితో జరిగే పలకరింపు పోయింది. ఈ మూడింటికీ ఒకటే మందు ఉండదు. దేనికదే పేరు పెట్టి చూసుకుంటే ఏది ఎక్కువ సలుపుతోందో తెలుస్తుంది.

ఎదురుగాలి:
రిటైరైన వాళ్ళకి సరే. మనిషి పోయిన ఇంటివాళ్ళకి ఈ ప్రశ్నల పద్ధతి వద్దండి. "పోయినవేవి" అని వాళ్ళని ఎవరూ అడగక్కర్లేదు, అది తప్ప వాళ్ళకి ఇంకేమీ కనపడదు. మొదటి కొన్ని నెలలు ఉత్తి చూపే. గట్టు మీద ఒక చెట్టుని ఎంచుకుని రోజూ దాని దగ్గరిదాకా వెళ్ళి రావడం. కూర్చునే పది నిమిషాలు తీసెయ్యండి, కూర్చుంటే దుఃఖం మీదకొచ్చి పడుతుంది. ఇంకోటి, ఇల్లు అమ్మడం, పొలం కౌలుకివ్వడం, వాటాలు పంచుకోవడం లాంటి నిర్ణయాలు నడకలో తోచినా సంవత్సరీకం దాకా పక్కన పెట్టడమే మంచిది. గట్టు మీద తేలిగ్గా అనిపించిన నిర్ణయం రిజిస్ట్రారాఫీసులో తేలిగ్గా ఉండదు.

గట్టుబాట:
దుఃఖం విషయంలో ఎదురుగాలి గారు చెప్పిన పద్ధతే పాటించండి. నేను రాసింది ఉద్యోగం, ఊరు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు లాంటి మార్పులకి.

పాతలాకు:
దారి సంగతి నేను చెప్తాను. గోదావరి డెల్టాలో ఏ కాలంలో ఎక్కడ నడవాలన్నది కాలువల లెక్క మీద పోతుంది. ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకి నీళ్ళు వదులుతారు. దాళ్వా (రెండో పంట వరి) చేతికొచ్చాక వేసవిలో కాలువలు కట్టేసి, జూన్‌లో మళ్ళీ వదులుతారు. నిండు కాలువ గట్టు మీద ఏప్రిల్ ఎండలో కూడా పొద్దున్న ఏడున్నర దాకా నడవొచ్చు. కాలువ కట్టేశాక అదే గట్టు పెనంలా కాలుతుంది, పైగా అడుగున పూడిక వాసన. ఆ నెలన్నరా కొబ్బరితోటల మధ్య పుంతలు (బండిదారులు) మేలు.

అయితే మలుపులో ఉన్నవాళ్ళు కట్టేసిన కాలువని ఒకటి రెండుసార్లయినా చూడాలంటాను. ఏడాదంతా నీళ్ళకింద ఉన్న రేవు మెట్లు చివరి మెట్టు దాకా బయటపడతాయి. అడుగున మిగిలిన గుంటల్లో చేపల కోసం కొంగలు కాపు వేస్తాయి. జూన్‌లో నీళ్ళొదిలిన రోజు ముందుగా వచ్చేది నీళ్ళు కాదు, ఎండిపోయిన గుర్రపుడెక్కా, చెత్తా చెదారం తోసుకుంటూ వచ్చే నురగ. దాని వెనక బురదనీళ్ళు. తేటపడడానికి రోజులు పడుతుంది. ఎదురుగా నిలబడి చూడాల్సిన సంగతి ఇది. దీన్ని జీవితంతో పోల్చి వాట్సాపులో పెట్టొద్దని మనవి.

వరదల మాట: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఇచ్చారంటే లంకల్లోకీ (ఏటి మధ్య దిబ్బలు), కాజ్‌వేల మీదకీ నడక బంద్. రెండోది దాటితే ఏటిగట్టు మీదకే వెళ్ళొద్దు. 1986 ఆగస్టు వరద గుర్తున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, గట్లకి గండ్లు పడ్డాయి. వరద కాలమంతా కాపలావాళ్ళు, ఇసుక బస్తాలు, ట్రాక్టర్లతో గట్టు హడావుడిగా ఉంటుంది, ఆ మధ్యలో ఆత్మపరిశీలన కుదరదు.

సార్వాదాళ్వా:
ఆయ్, చేలగట్ల మీద నడిచేవాళ్ళకి నాలుగు మాటలండి. సార్వాలో (వానాకాలం వరి) నాట్లయ్యాక గట్టు జానెడే ఉంటది, జిగట మట్టి చెప్పుకి అంటుకుని రెండు కేజీల బరువవుద్ది. అప్పుడు పుంత మీద నడవండి, చేనుని పక్కనుంచి చూడండి. మందు కొట్టే రోజు వాసన తగలగానే వెనక్కి తిరగండి. గాలి మీ వైపు వీస్తుంటే అర కిలోమీటరు దూరం కూడా ఎక్కువేం కాదు. కోతలప్పుడు మిషను దుమ్ము, తర్వాత గడ్డి తగలెట్టిన పొగ. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పది పదిహేను రోజులూ ఏటి వైపు వెళ్ళాలి.

రక్తపింజరి కుప్పల దగ్గరా, గడ్డివాముల దగ్గరా ఉంటది. చీకటితో బయల్దేరితే టార్చీ ఉండాలి, చేతికర్రతో ముందు నేల తట్టుకుంటూ వెళ్ళాలి, కాళ్ళకి బూట్లుండాలి. కాటేస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, పరిగెత్తొద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి, కాటు పడిన టైము గుర్తుపెట్టుకోండి. మంత్రం వేయించడానికి వెళ్ళి పోగొట్టుకున్న గంట మళ్ళీ రాదు.

రొయ్యల చెరువుల గట్లు అసలొద్దండి. ఏరియేటర్ల కరెంటు తీగలు నేల మీదే పాకుతుంటాయి. కాపలా కుక్కలు సరే సరి.

కొత్తరేవు:
చెప్పుల్లేకుండా నడిస్తేనే నేల తెలుస్తుందంటారు. నిజమేనా?

మందులచీటీ:
పొడి ఇసుక మీద, పచ్చగడ్డి మీద, పగటి వెలుతురులో పది నిమిషాలు పర్వాలేదు. నిలవనీళ్ళలోనూ వరిచేల బురదలోనూ వద్దు. ఎలుక జ్వరం వచ్చేది అక్కడే, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు కాలి పగుళ్ళలోంచి లోపలికి పోయి. సుగరు ఉండి అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు ఎక్కడా చెప్పులు విప్పకూడదు. తుమ్మముల్లు దిగినా తెలియదు, పుండయ్యాక తెలుస్తుంది. అరికాలు తెలియడానికి పలచటి అట్ట ఉన్న కాన్వాసు బూట్లు చాలు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు జేబులో గ్లూకోజు బిళ్ళలో నాలుగు బెల్లంముక్కలో ఉంచుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే అది ధ్యానం కుదరడం కాదు, సుగరు పడిపోవడం. మన దగ్గర ఉక్కకి చెమట ఆరదు, అందుకే ఒంటి వేడి తగ్గదు. మార్చి నుంచి జూన్ దాకా గంట నడకకి అరలీటరు నీళ్ళు వెంట ఉండాలి, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ. శ్వాసతో అడుగులు లెక్కపెట్టే పద్ధతి చలికాలంలో బాగానే ఉంటుంది గానీ, ఉక్కలో ఊపిరి పట్టి నడిస్తే కళ్ళు తిరుగుతాయి. అప్పుడు ఊపిరిని దాని మానాన వదిలేసి అరికాళ్ళనే చూసుకోండి.

గోరింక:
ఆడవాళ్ళ సంగతి. ఒంటరిగా గట్టు మీద వెళ్ళే మనిషిని మన ఊళ్ళలో ఎవరూ ఊరికే వదలరు. "ఎక్కడిదాకానండీ", "ఒక్కరే బయల్దేరారేంటండీ", "కాఫీ తాగి వెళ్ళండి". ప్రేమతో అడిగినా నడక అక్కడితో సరి. "డాక్టరు గారు నడవమన్నారండి" అనండి, నిలబడకుండా అనండి. మందుల మాట వచ్చాక ఎవరూ ఆపరు. భర్త పోయినావిడ బయటికొస్తే చూసే చూపులు వేరే ఉంటాయి కాబట్టి ఆవిడని ఒంటరిగా పంపే బదులు ఇద్దరు వెళ్ళడం నయం. ఇరవై అడుగుల ఎడంలో ముందొకరు, వెనకొకరు. మాటల్లేవు. వెనకున్నావిడ ముందావిడని గమనించక్కర్లేదు, కనపడే దూరంలో ఉంటే చాలు. తిరుగు నడకలో స్థానాలు మార్చుకోవాలి, ఎందుకంటే వెనక నడిచేవాళ్ళకే ఎక్కువ ప్రశాంతంగా ఉంటుంది.

ఒకే టైముకి రోజూ వెళ్ళడం మంచిదా అంటే, పాలవాళ్ళూ బడిపిల్లలూ తిరిగే టైమయితే మంచిదే. మనిషి అలికిడి లేని మధ్యాహ్నం మూడింటికి వద్దు. ఫోను సంచిలో ఉండాలి, మోగకుండా పెట్టాలి, ఆపెయ్యకూడదు. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి తెలిసుండాలి.

ఎదురుగాలి:
ఫోను దగ్గర ఇంకొక్కమాట. లకుముకి పిట్ట కనపడగానే ఫోటో తీశారా, ఇక ఆ రోజు నడక ఫోటో కోసమే. కూర్చునే చోటుకి చేరేదాకా బయటికి తియ్యకుండా ఉండగలిగితే చాలు.

నీటికాకి:
మడ అడవుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. కోరంగి అభయారణ్యం 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఉంటుంది. మడల మధ్య చెక్కబాట వేశారు. సెలవు రోజుల్లో జాతరే. మామూలు రోజు, గేటు తెరిచిన మొదటి గంటలో వెళ్ళండి.

దీనికి సముద్రపు పోటు (నీళ్ళు ఎక్కడం), ఆటు (నీళ్ళు తియ్యడం) లెక్క చూసుకోవాలి. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు, రోజురోజుకీ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా ఎక్కి బాగా తీస్తాయి, అష్టమికి తేడా తక్కువ. నీళ్ళు తీస్తున్నప్పుడు వెళ్తే బురద బయటపడుతుంది. ఒకేచోట పది నిమిషాలు కదలకుండా నిలబడాలి. మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు, మీ అడుగుల అదురుకి అన్నీ బొరియల్లోకి పోయుంటాయి. తర్వాత ఒక చెయ్యి పెద్దగా ఉండే చిన్న పీతలు ఒక్కొక్కటే పైకొస్తాయి. పెద్ద చెయ్యి పైకెత్తి ఊపేది మగది, చిన్న చేత్తో బురద తీసి నోట్లో పెట్టుకుని, జల్లించి, మిగిలింది ఉండ చేసి పక్కన పెడుతుంది. బొరియ చుట్టూ మిరియాల్లా ఉండలు. గెంతే బురదచేపలూ కనపడతాయి. నేల నుంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడచెట్ల ఊపిరి వేళ్ళు, బురదలో గాలి ఉండదు కాబట్టి పైకొచ్చి పీల్చుకుంటాయి. మడాకు మీద ఎండపొద్దున ఉప్పు రవ్వలు కనపడతాయి, ఒంట్లోకొచ్చిన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది.

జాగ్రత్త ఒకటుంది. ఆకులు రాలేముందు ఎర్రబడే చెట్టు తిల్ల. కొమ్మ విరిగితే పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఏ కొమ్మా తుంచొద్దు, చెయ్యి తగిలితే ముందు కడుక్కోండి.

గట్టుబాట:
నీటికాకి గారి "పది నిమిషాలు ఒకేచోట" కాలువ గట్టుకీ పనికొస్తుంది. అయితే మడ అడవి నెలకోసారి. రోజువారీకి ఇంటి దగ్గరి గట్టే. కొత్త చోటికి వెళ్తే కళ్ళు కొత్తదనం వెంటపడతాయి. ఆరువారాలు అదే కిలోమీటరున్నర నడిస్తే చూడ్డానికి ఏమీ లేదనిపించే రోజొకటి వస్తుంది, రెండోవారం మూడోవారంలో. చాలామంది అక్కడ మానేస్తారు. ఆ విసుగు దాటాకే అసలు పని మొదలవుతుంది.

లంకగడ్డి:
అదే దారి అన్నది అందరికీ నప్పదండి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు, పట్నంలో ఉద్యోగం పోయి ఊరొచ్చినవాళ్ళు, వీళ్ళు చిన్నప్పటి గట్టు మీద నడిస్తే ప్రతి రేవూ పాత జ్ఞాపకమే. ఎదురుపడే ప్రతివాళ్ళూ "ఎప్పుడొచ్చారు, మళ్ళీ ఎప్పుడెళ్తారు" అంటారు. ఆ రెండో ప్రశ్నకి జవాబు లేకే కదా మనిషి నడుస్తున్నది. పక్క ఊరి కాలువో, అవతలి గట్టో ఎంచుకోవాలి. దారి ఒకటే ఉండాలన్నది ఒప్పుకుంటాను, అది సొంతూరి దారి కానక్కర్లేదు.

లంకల్లోకి వెళ్ళేవాళ్ళకి: ఇసుక తిన్నెల పక్కన నీళ్ళలో దిగొద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు, మోకాలి లోతు పక్కనే రెండు నిలువుల లోతు ఉంటుంది. ఏటిగట్టు రోడ్డు మీద ధనుర్మాసం మంచులో ఇసుక లారీలకి మనిషి ఆనడు. లేతరంగు బట్టలేసుకుని, ఎదురొచ్చే బండి కనపడేలా కుడి పక్కన నడవండి.

మోకాళ్ళనొప్పి:
కిలోమీటరున్నర నడవలేనివాళ్ళ సంగతి చెప్పరేం?

ఆదుర్రుదారి:
మీకు పాత పద్ధతే ఉంది. బౌద్ధ భిక్షువులు చేసే చంక్రమణం. పాతిక ముప్ఫై అడుగుల బాట చాలు, అటూ ఇటూ. పెరట్లో గానీ, మేడ మీద గానీ. చివరికి వెళ్ళాక ఆగాలి, నిలబడ్డట్టు తెలియాలి, తిరగాలి, మళ్ళీ నిలబడి అప్పుడు మొదటి అడుగు. మోకాలికి ఇబ్బంది తిరిగేటప్పుడే, పాదం నేలకి ఆనించి ఒళ్ళు తిప్పితే కలుక్కుమంటుంది. నాలుగైదు చిన్న అడుగులతో తిరగండి. పదిహేను నిమిషాలు, పట్టుకోడానికి ఒక పక్క గోడ. వానాకాలంలో గట్టెక్కలేని రోజుల్లో అందరికీ ఇదే దారి. వీలున్నవాళ్ళు ఒకసారి మామిడికుదురు దగ్గర ఆదుర్రు స్తూపం చూసి రండి. చుట్టూ కొబ్బరితోటలు, పక్కన గోదావరి వైనతేయ పాయ, కాసేపు కూర్చోడానికి బాగుంటుంది.

ఎదురుగాలి:
కొబ్బరితోటలంటే గుర్తొచ్చింది. కొబ్బరిచెట్టు కింద కూర్చోవద్దు. కాయ పడితే తల పగులుతుంది, ఎండుమట్ట పడినా తక్కువ కాదు. మొదలుకి ఇరవై అడుగుల ఎడం ఉండాలి, గాలి రోజున ఇంకా ఎక్కువ. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వినపడితే తాటిచెట్టు కింద తలదాచుకోవద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్ఫై లెక్కపెట్టేలోపు వినిపిస్తే నడక ఆపి ఇంట్లోకి వెళ్ళాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

కొత్తరేవు:
ఒక అనుమానం. నెమ్మదిగా నడుస్తుంటే అదే బాధ ఇంకా ఎక్కువ తిరుగుతోందనిపిస్తే?

మందులచీటీ:
ఒకే వాక్యం మూడోసారి వచ్చిందంటే అది పరిశీలన కాదు, గానుగ. అప్పుడు దాన్ని వాదించి ఆపలేరు. చెవులకి పని చెప్పండి. అన్నిటికన్నా దూరపు చప్పుడు ముందు, రైసు మిల్లో, ఇంజను పడవో, గుడి మైకో. తర్వాత కొంచెం దగ్గరిది, జెముడుకాకి కూతో, కొబ్బరికాయ వలుస్తున్న చప్పుడో. అలా దగ్గరికొస్తూ చివరికి మీ బట్టల రాపిడి. ఏడెనిమిది చప్పుళ్ళు దొరికేలోపు వాక్యం తెగుతుంది. తెగకపోతే మామూలు వేగంతో ఇంటికి వచ్చెయ్యండి, ఆ రోజుకి చాలు.

నడకకి ఉన్న ఆధారం కూడా ఉన్నంతవరకే చెప్పాలి. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనంలో చెట్ల మధ్య గంటన్నర నడిచినవాళ్ళకి ఈ గానుగ ఆలోచన తగ్గింది, రద్దీ రోడ్డు పక్కన నడిచినవాళ్ళకి తగ్గలేదు. కానీ అందులో ఉన్నది 38 మంది, అందరూ ఆరోగ్యవంతులే. 2019లో ఇంగ్లండులో ఇరవై వేలమంది వివరాలు చూస్తే వారానికి రెండు గంటలు ప్రకృతిలో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. నడవడం వల్ల బాగున్నారా, బాగున్నారు కాబట్టి నడిచారా అన్నది దాంతో తేలదు. రెండువారాలుగా నిద్ర, ఆకలి పోయి, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే గట్టు కాదు, డాక్టరు కావాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండువారాలు కూడా ఆగొద్దు, కాలువ వైపు ఒంటరిగా వెళ్ళొద్దు. టెలిమానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ సహాయ ఫోను) నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

గోరింక:
ఇంటికొచ్చాక రాసుకోవడం గురించి. మూడు వాక్యాలు మించొద్దు: చూసిందేమిటి, తోచిందేమిటి, తేలనిదేమిటి. పేజీలు రాస్తే మళ్ళీ చదవరు. పౌర్ణమికోసారి వెనక్కి తిప్పి చూడండి, "తేలనిది" అన్నచోట ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో అదే వచ్చే నెల ప్రశ్న. నోటుపుస్తకం వద్దనుకునేవాళ్ళు క్యాలెండరు గళ్ళలో ఒక్కో మాట రాసినా సరిపోద్ది.

కొత్తరేవు:
చాలా సంతోషమండి. చివరగా ఒకటి. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పడవ) మీద దాటి, అవతల కాసేపు నడిచి రావడం ఈ లెక్కలోకి వస్తుందా?

పాతలాకు:
బాగా వస్తుంది. పంటు మీద దాటేంతసేపూ మీరు చెయ్యాల్సిన పనేమీ ఉండదు, మొదటి పది నిమిషాల నడక బదులు అదే అనుకోండి. మోటారు సైకిళ్ళకి దూరంగా, రైలింగు పక్కన నిలబడండి. అవతల దిగగానే చివరి పంటు ఎన్నింటికో రేవులో అడిగి తెలుసుకోండి, అది తప్పితే రావులపాలెం వైపో, యానాం వైపో చుట్టు తిరిగి రావాలి. వరద నీరొచ్చినా, గాలి ఎక్కువైనా పంటు ఆపేస్తారు, జులై నుంచి సెప్టెంబరు దాకా ముందురోజే కనుక్కుని బయల్దేరండి. కార్తీక సోమవారాలు మాత్రం వద్దు, రేవంతా స్నానాల జనం. నరసాపురం వైపువాళ్ళకి సఖినేటిపల్లి పంటుకీ ఇదే లెక్క.